డేనా మీద కోపం నాయనమ్మ మీదికి ఎందుకు మళ్లింది?

ప్రశ్న: అమెరికా నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్ నవల ‘కిండ్రెడ్’ చదువుతూ మధ్యలో ఆపేశాను. రూఫస్ దగ్గరికి వెళ్లమని ఆలిస్‌కు డేనా చెప్పే చోట ఒళ్లు మండిపోయింది. వారం నుంచి నిద్ర లేదు. మా నాయనమ్మ ఒకప్పుడు దొర గడీలో వెట్టి చేసింది. మొన్న ‘మా దొర మంచోడే బిడ్డా’ అంటే అరిచేశాను. అప్పటి నుంచి మాట్లాడటం లేదు. (జగిత్యాల జిల్లా నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆ నవల 1979లో వచ్చింది. ఇందులో కథ చెప్పేది నల్లజాతి యువతి డేనాయే. బానిసల యజమాని కొడుకు రూఫస్ ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా, 1976 నాటి కాలిఫోర్నియా నుంచి ఆమె బానిసత్వం నాటి మేరీలాండ్‌లో వెళ్లి పడుతుంది. అతనికీ, అతని దగ్గర బానిసగా ఉన్న ఆలిస్‌కూ హేగర్ అనే కూతురు పుడితేనే డేనా వంశం ఉంటుంది. కథంతా ‘నేను’ అని సాగుతుంది కాబట్టి ఆమెతో పాటు మీరూ ఆ గడపలోపలే ఇరుక్కుంటారు. వెళ్లకపోతే ఆలిస్‌ను కొట్టించి మరీ లాక్కుంటాడని తెలిసే డేనా ఆ మాట మోస్తుంది. ఆమె లొంగితే మీరే లొంగినట్టు అనిపిస్తుంది.

బట్లర్ తల్లి ఇళ్లలో పనిమనిషి. అమ్మ వెనక గుమ్మంలోంచి వెళ్లడం చూసి చిన్నప్పుడు సిగ్గుపడ్డానని, ఆ అవమానాలు పడబట్టే తన కడుపు నిండిందని తర్వాత తెలిసిందని ఆమె ఇంటర్వ్యూల్లో చెప్పింది. మీ ఇంట్లో జరుగుతున్నదీ దాదాపు ఇదే. వెట్టిని నిషేధించిన చట్టం మన దేశంలో వచ్చింది కూడా 1976లోనే. ‘మంచోడే’ అంటే ‘పక్కూరి దొర కన్నా తక్కువ కొట్టేవాడు’ అని కావచ్చు, ఇంకా పోని భయం కావచ్చు. అడగకుండా తేల్చకండి.

ముందు ‘మొన్న గట్టిగా మాట్లాడిన, ఏమనుకోకు’ అనండి. వెనకాల ‘కానీ’ తగిలించకండి, తగిలిస్తే మళ్లీ గొడవే. రెండు రోజులాగి, చిక్కుడుకాయలు తుంపుతున్నప్పుడో తల దువ్వుతున్నప్పుడో పని గురించి అడగండి: పొద్దున ఎన్నింటికి పోయేదానివి? పెండ తీసుడు ముందా, వడ్లు దంచుడు ముందా? గింజలెన్ని కొలిచేవాళ్లు? జ్వరమొస్తే ఎట్లా? ఇరవై నిమిషాలు చాలు. ‘ఎదురెందుకు తిరగలేదు’ అని మాత్రం అడగొద్దు. తప్పంతా ఆమె నెత్తిన పెట్టే ప్రశ్న అది. మాట ఆగిపోతే మీరూ ఆపేయండి. ఫోన్‌లో రికార్డు చేయాలనిపిస్తే ముందే చెప్పండి.

పుస్తకం పగలే చదవండి, రోజుకు ఇరవై పేజీలకు మించకుండా. గుండె పట్టేసిన చోట మార్జిన్‌లో ఎవరు గుర్తొచ్చారో ఒక్క పేరు రాయండి. డేనా పేరు కన్నా ఇంట్లోవాళ్ల పేర్లే ఎక్కువ కనిపిస్తే ఆశ్చర్యపోకండి. నిద్రలేమి రెండు వారాలు దాటినా, పగలు కూడా ఆ దృశ్యాలే కళ్ల ముందు ఆడుతున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి. చివరి భాగంలో ఆలిస్ ఉరేసుకుంటుంది. కథ ముందే చెప్పేశానని తిట్టుకున్నా పర్లేదు, మీరున్న స్థితిలో తెలిసి చదవడమే మేలు. ఆ పేజీలు చదివే రోజు ఇంట్లో ఒంటరిగా ఉండకండి.