ఫ్లాష్ కొట్టిందా? ఫోన్ కాదు, పోస్టు చూడండి

బ్రిటన్‌కి వచ్చి కొత్తగా కారు కొనుక్కున్న మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "కెమెరా ఫ్లాష్ కొట్టినట్టుంది. చలాన్ పడిందో లేదో బండి నంబరు కొట్టి ఎక్కడ చూసుకోవాలి?" హైదరాబాద్‌లో బండి నడిపిన అలవాటు అది. అక్కడ ఈ-చలాన్ సైట్‌లో నంబరు కొడితే ఫొటోతో సహా కనబడుతుంది, ఫోన్‌కి మెసేజ్ కూడా వస్తుంది. ఇక్కడ స్పీడ్ కెమెరా, రెడ్ లైట్ కెమెరా కేసులు పడ్డాయో లేదో ముందే చూసుకునే అలాంటి సైట్ లేదు. ఇంటికి ఉత్తరం రావాలి. వచ్చేదాకా ఆగాలి.

ఆ ఉత్తరం పేరు నోటీస్ ఆఫ్ ఇంటెండెడ్ ప్రాసిక్యూషన్, అంటే మీ మీద కేసు పెట్టే ఉద్దేశం ఉందని తెలిపే నోటీసు. తప్పు జరిగిన 14 రోజుల్లోపు బండి రిజిస్టర్డ్ కీపర్‌కి, అంటే బండి ఎవరి పేరున నమోదై ఉందో వాళ్లకి, అది అందేలా పోలీసులు పంపాలని 1988 నాటి చట్టం చెబుతోంది. ఫ్లాష్‌ను నమ్ముకోకండి. పసుపు రంగు గాట్సో కెమెరాలు వెనక నుంచి ఫ్లాష్ కొడతాయి కానీ, మోటార్‌వే పనులు జరిగేచోట ఉండే యావరేజ్ స్పీడ్ కెమెరాలు అసలు కొట్టవు. రెండు చోట్ల నంబర్ ప్లేటు చదివి, మధ్యలో పట్టిన సమయాన్ని బట్టి వేగం లెక్క కడతాయి. మీకు ఏమీ తెలియకుండానే ఉత్తరం వచ్చి పడుతుంది.

మనవాళ్లలో చాలామంది దెబ్బ తినేది ఈ 14 రోజుల లెక్క దగ్గరే. "రెండు వారాలు దాటాయి, ఇక రాదులే" అనుకుంటారు. గడువు వర్తించేది కీపర్‌కి వెళ్లే మొదటి నోటీసుకి మాత్రమే. కారు ఆఫీసు వాళ్లదో, లీజుదో, అద్దెదో అయితే ఆ మొదటి నోటీసు వాళ్లకి వెళ్తుంది. వాళ్లు మీ పేరు, అడ్రస్ రాసి పంపాక మీ పేరున ఇంకో నోటీసు వస్తుంది. అది నెల తర్వాత వచ్చినా చెల్లుతుంది. అద్దె కంపెనీ అయితే ఆ కాగితం పని చేసినందుకు మీ కార్డు నుంచి వేరే ఫీజు కూడా తీసుకుంటుంది.

అంతకంటే పెద్ద సమస్య అడ్రస్. మనం ఏడాదికో ఇల్లు మారతాం. లైసెన్స్ మీద అడ్రస్ మార్చి, కారు లాగ్‌బుక్, అంటే వీ5సీ సంగతి మరిచిపోతాం. రెండూ వేరు, రెండూ మార్చాలి. లైసెన్సులు, బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ సైట్‌లో ఉచితంగానే అయిపోతుంది. మార్చకపోతే ఉత్తరం పాత ఇంటికి వెళ్తుంది, అక్కడ కొత్తగా దిగినవాళ్లు దాన్ని పక్కన పడేస్తారు. నోటీసు మాత్రం అందినట్టే లెక్క. ఇండియాకి తిరిగి వెళ్లిపోతున్న ఫ్రెండ్ దగ్గర కారు తీసుకున్నా, ఆ రోజే లాగ్‌బుక్ మీ పేరుకి మార్పించండి. నలుగురు కలిసి ఉండే ఇంట్లో పోస్టు ఎవరికి వచ్చినా ఒకే చోట పెట్టే అలవాటు చేసుకోండి.

నోటీసుతోపాటు ఆ సమయంలో బండి ఎవరు నడిపారో చెప్పమనే ఫారం ఉంటుంది. 28 రోజుల్లో జవాబివ్వాలి. సంక్రాంతికని నెలన్నర ఊరెళ్లేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. మీ పోస్టు తెరిచి ఫొటో తీసి పంపే మనిషిని పెట్టుకునే విమానం ఎక్కండి. జవాబివ్వకపోతే అది వేరే నేరం: లైసెన్స్ మీద ఆరు పెనాల్టీ పాయింట్లు, వెయ్యి పౌండ్ల దాకా జరిమానా. స్పీడింగ్‌కి మామూలుగా పడేది మూడు పాయింట్లు, వంద పౌండ్లు. వేగం మరీ ఎక్కువ కాకపోతే, గత మూడేళ్లలో వెళ్లి ఉండకపోతే, ఇంగ్లండ్, వేల్స్‌లలో పాయింట్లకు బదులు స్పీడ్ అవేర్‌నెస్ కోర్సుకి వెళ్లమనొచ్చు. ఆ అవకాశం వస్తే వదలకండి. ఇక్కడి టెస్ట్ పాసై రెండేళ్లు కానివాళ్లకి ఆరు పాయింట్లు పడితే లైసెన్స్ రద్దవుతుంది. మళ్లీ ప్రొవిజనల్ (లెర్నర్) లైసెన్స్ నుంచి మొదలుపెట్టాలి.

అందుకే కొందరు "ఊరి నుంచి వచ్చిన మామయ్య నడిపాడని రాసేద్దాం" అంటారు. దయచేసి ఆ పని చేయకండి. బ్రిటన్‌లో మంత్రిగా చేసిన క్రిస్ హ్యూన్, 2003లో తన స్పీడింగ్ పాయింట్లు భార్య తీసుకున్న వ్యవహారంలో 2013లో ఎనిమిది నెలల జైలు శిక్ష పొందాడు. అప్పటికి విడాకులు తీసుకున్న ఆమెకూ అంతే శిక్ష పడింది. వీసా మీద ఉన్న మనకు అలాంటి కేసు వస్తే ఇక్కడి బతుకే తలకిందులవుతుంది.

బస్ లేన్, పసుపు గళ్ల జంక్షన్‌లో ఆగడం లాంటివి వేరే దారి. వాటికి సాధారణంగా కౌన్సిల్ నుంచి పెనాల్టీ చార్జ్ నోటీస్ వస్తుంది, పాయింట్లు ఉండవు. త్వరగా కడితే సగమే. ఉత్తరం మీద వేసిన గడువు తేదీ చూసుకోండి. నోటీసు నంబరు, బండి నంబరు కొడితే చాలా కౌన్సిళ్లు తమ సైట్‌లో ఫొటోలు చూపిస్తాయి. లండన్ తూర్పున థేమ్స్ నది దాటే డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్‌లో డబ్బు కట్టాలి కానీ టోల్ గేటు ఉండదు, ఉత్తరం కోసం ఎదురుచూడకుండా మర్నాడు అర్ధరాత్రిలోపు మీరే కట్టేయాలి.

ఫోన్‌కి "మీ ఫైన్ బాకీ ఉంది, ఈ లింకులో కట్టండి" అని మెసేజ్ వస్తే నొక్కకండి. పోలీసులు మొదటి నోటీసు మెసేజ్‌లో పంపరు.

ఇక, ఉత్తరాలేవీ అందకుండానే కోర్టులో శిక్ష పడిందని తెలిసిందనుకోండి. టెన్షన్‌తో దాన్ని పక్కన పెట్టకండి. తెలిసిన 21 రోజుల్లోపు కోర్టులో స్టాట్యూటరీ డిక్లరేషన్, అంటే కేసు సంగతి నాకు తెలియదనే ప్రమాణపత్రం, ఇస్తే ఆ తీర్పు పక్కకు వెళ్లి, కేసు మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది. అది ప్రమాణం చేసి ఇచ్చేది, కాబట్టి ఉన్నది ఉన్నట్టే చెప్పాలి. పాత ఇంటి ఒప్పందం, మారిన తేదీ చూపే కాగితాలు వెంట తీసుకెళ్లండి.