మానిఫోల్డ్ స్టడ్లు విరిగాయన్నావుగా

అబ్బాయీ,

నీ ఉత్తరం చదివాను. ఇంజను పొగను బయటికి పంపే మానిఫోల్డ్‌ని ఇంజను పైభాగానికి, అంటే హెడ్డుకి, పట్టి ఉంచే మర కడ్డీలు కదా ఈ స్టడ్లు. వాటిలో రెండు విరిగాయి, ఒకటి సెంటీమీటరు మేర బయటికి ఉంది, రెండోది హెడ్డుతో సమానంగా తెగింది, అంతేనా? విరిగిన స్టడ్‌లో దిగ్గొట్టి తిప్పి తీసే ఈజీ-అవుట్ సెట్టు కొనబోతున్నానన్నావు. ఆ పని ఇప్పుడే చెయ్యకు. అసలు నేనింత పొడుగు ఉత్తరం రాస్తున్నదే అందుకు.

నువ్వే ఆలోచించు. పొడుగు పానా వేసి బలమంతా పెట్టినా కదలని స్టడ్ అది. దానికి నడిమధ్య చిల్లు పెట్టి, అంతకంటే సన్నటి ముక్కను దిగ్గొట్టి తిప్పితే కదులుతుందా? పైగా ఈజీ-అవుట్ మొన తేలి ఉంటుంది. దిగేకొద్దీ స్టడ్ గోడల్ని బయటికి నెట్టి మరల్ని ఇంకా బిగిస్తుంది. గట్టి ఉక్కు కదా, వంగదు, పుటుక్కున విరుగుతుంది. లోపల ఇరుక్కున్న ఆ ముక్కను మామూలు డ్రిల్లు బిట్టు గీకను కూడా గీకలేదు. అప్పుడిక కార్బైడ్ బిట్టు వెతుక్కోవాలి, లేదా హెడ్డు విప్పి మెషిన్ షాపుకి మొయ్యాలి. తుప్పు పట్టకుండా, అతిగా బిగించడం వల్లనో దెబ్బ తగిలో తెగిన స్టడ్ అయితే ఈజీ-అవుట్ బాగానే పనికొస్తుంది. అది లోపల వదులుగానే ఉంటుంది కాబట్టి. నీది ఆ కేసు కాదు.

ముందు వైరు బ్రష్షుతో శుభ్రంగా రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి, రాత్రంతా వదిలెయ్. మధ్యమధ్యలో సుత్తితో స్టడ్ తల మీద నిలువుగా చిన్న చిన్న దెబ్బలు వెయ్యి. ఆ అదురుకే నూనె మరల్లోకి దిగుతుంది.

బయటికి ఉన్నదాని మరలు బాగుంటే రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి ఎదురు బిగించి, లోపలి నట్టుకి పానా వేసి విప్పు. కొంచెం కదిలిందంటే ఆనందంతో ఒకటే లాగుడు లాగకు. పావు చుట్టు విప్పి, కాస్త వెనక్కి బిగించి, నూనె వేసి, మళ్లీ విప్పు. పొడి తుప్పు మరల్లో నలిగి బయటికొచ్చే దారి దొరకాలి. గ్రిప్ ప్లయర్‌తో నొక్కి పట్టావంటే స్టడ్ కోలగా నలిగిపోతుంది. తర్వాత ఏ పద్ధతికీ పట్టు ఇవ్వదు.

హెడ్డు అల్యూమినియమే కాబట్టి వేడి నీకు చుట్టం. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. స్టడ్‌ని కాకుండా దాని చుట్టూ ఉన్న లోహాన్ని కాచు. అయితే జాగ్రత్త. ఇనుములా అది ఎర్రబడి హెచ్చరించదు, చూస్తుండగానే కుంగిపోతుంది. సెగ ఒకేచోట నిలపకు. వేడి మీద స్టడ్ మొదట్లో కొవ్వొత్తి ముక్క ఆనించి చూడు, మైనం మరల్లోకి పాకుతుంది. చాదస్తం అనుకుంటావేమో, నాకు మాత్రం చాలాసార్లు పని చేసింది. నూనె తడి ఆరకుండా మంట దగ్గరికి తేవద్దు.

సమానంగా తెగినదానికి వెల్డింగే మేలైన దారి. దాని మీద ఒక వాషరు పెట్టి, దాని రంధ్రంలోంచి స్టడ్‌కి వెల్డు చేయించు. ఆ వాషరు మీద నట్టు పెట్టి, నట్టు రంధ్రాన్ని వెల్డుతో నింపించు. ఉక్కు వెల్డు అల్యూమినియానికి అతుక్కోదు కాబట్టి హెడ్డుకి భయం లేదు. చల్లారాక తిప్పు. ఎర్రగా కాగిన స్టడ్ చల్లారేటప్పుడు కుంచించుకుని తుప్పు పట్టు వదులుతుంది. నట్టు ఊడొచ్చిందనుకో, దిగులు పడకు, మళ్లీ వెయ్యించు. ప్రతి కాపుకీ అది ఇంకాస్త వదులవుతుంది. మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగలు విప్పడం, వెల్డింగ్ మెషిన్ ఎర్త్ క్లాంపు ఆ స్టడ్ పక్కనే తగిలించడం మరిచిపోకు. ఇంకొకటి: బ్రేక్ క్లీనర్‌తో కడిగిన చోట వెల్డు చెయ్యనివ్వకు. క్లోరిన్ ఉన్న రకమైతే దాని పొగ ప్రాణాంతకం.

ఇవేవీ పని చెయ్యకపోతేనే డ్రిల్లు. ఇక్కడ పనంతా మధ్యబిందువు దగ్గరే ఉంది. తెగిన ముఖాన్ని ఆకురాయితో చదును చేసి, సెంటర్ పంచ్ గుర్తు పెట్టి, పైనుంచీ పక్కనుంచీ చూసుకో. పక్కకి జరిగితే గుర్తును మళ్లీ కొట్టి సరిచెయ్యి. ఒక్క మిల్లీమీటరు తప్పినా గట్టి ఉక్కును వదిలి బిట్టు మెత్తని అల్యూమినియంలోకి జారిపోతుంది. మానిఫోల్డ్‌నే దాని చోట నిలిపి, ఆ రంధ్రంలో సరిపడే బుష్షు (చిన్న గొట్టం ముక్క) పెట్టి, దాంట్లోంచి బిట్టు పంపితే వంకర పోదు. 3 మిల్లీమీటర్లతో మొదలుపెట్టు, వేగం తక్కువ, నూనె ఎక్కువ. ఎడమవైపు తిరిగే బిట్టు దొరికితే మరీ మంచిది. చాలాసార్లు చిల్లు పడుతుండగానే స్టడ్ దానికదే తిరిగి బయటికొస్తుంది. అలా రాకపోతే, నీ 8 మిల్లీమీటర్ల, 1.25 పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) స్టడ్‌కి బిట్టు సైజు 6.8 మిల్లీమీటర్ల దాకా పెంచు. మిగిలిన మరల చుట్టను మొనతేలిన సూదితో లాగెయ్యొచ్చు.

రంధ్రంలో మరలే పోతే లావు స్టడ్ పెడదామని చూడకు, మానిఫోల్డ్ రంధ్రానికి సరిపోదు. హెలికాయిల్ వేయించు, అంటే పోయిన మరల చోట కూర్చునే తీగ చుట్ట. దాని సెట్టులో వచ్చే ట్యాపే (మరలు కోసే పనిముట్టు) వాడాలి, మామూలు ట్యాపు సరిపోదు. చుట్టను ముఖానికి పావు నుంచి అర చుట్టు లోపలికి దించి, కింది నాలుకను విరిచి బయటికి తియ్యి.

కొత్తవి వేసేటప్పుడు రెండే కాదు, అన్నీ మార్చు. ఒకే వేడి తిన్నవి అవన్నీ. రంధ్రం అడుగున నూనె నిలిచి ఉంటే దానికి పోయే దారి ఉండదు, స్టడ్ దిగేటప్పుడు ఆ ఒత్తిడికి హెడ్డు పగలొచ్చు. గాలి కొట్టి ఆరబెట్టు. స్టడ్‌ని చేత్తోనే దించు, అసలు బిగింపు నట్టు చూసుకుంటుంది. రెండు చివర్ల పిచ్ వేరువేరుగా ఉండొచ్చు, ఏది లోపలికో చూసుకో. నీవి విరిగింది చివరివేనా? అయితే మానిఫోల్డ్ ముఖం మీద స్కేలు పెట్టి వంపు చూడు. కాగినప్పుడు మానిఫోల్డ్ ఎక్కువగా సాగేది చివర్ల దగ్గరే. వంపు తియ్యించకుండా కొత్త స్టడ్లు వేస్తే మళ్లీ అవే తెగుతాయి. బిగింపు మధ్యనుంచి చివర్లకి.

చక్రం స్టడ్‌కి మర పోయిందని చివర్లో రాశావు, అది వేరే రకం. వెనక గాడి పళ్లతో హబ్బులోకి, అంటే చక్రం బిగించే నడిమి భాగంలోకి, నొక్కి ఉంటుంది. జాకీ ఒక్కదాన్ని నమ్మకుండా స్టాండు పెట్టి, డ్రమ్ము తీసి, వెనక్కి నొక్కి తియ్యాలి. సుత్తితో బాదితే బేరింగు దెబ్బతింటుంది, క్లాంపుతో నొక్కడం మంచిది. కొత్తదాని మర, పొడవు, పళ్ల లావు మూడూ పాతదానితో కలవాలి. వాషర్లు పేర్చి, పాత నట్టును తిరగేసి బిగిస్తూ లోపలికి లాగు. తల హబ్బుకి పూర్తిగా ఆనాలి. ఆ మరలకి గ్రీజు రాయొద్దు, ఒకే టార్కుకి, అంటే ఒకే తిప్పే బలానికి, అతిగా బిగుస్తుంది. పాత వాహనాల్లో కొన్నిటికి ఎడమ చక్రాల మరలు ఉల్టా ఉంటాయి, స్టడ్ కొసన ‘ఎల్’ అక్షరం ఉందేమో చూసి మరీ పానా వెయ్యి. టార్క్ రెంచితో బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి అన్ని నట్లూ చూడు.

మీ పెదనాన్న