పదిహేడు షీట్ల ఎస్టిమేటు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు.

ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి మూడు వారాలైందట. నిన్న మీ అమ్మ ఫోనులో కళ్లనీళ్లు పెట్టుకుంటే తప్ప నాకు తెలియలేదు. కె.ఆర్. పురంలో గది అద్దెకు తీసుకున్నావనీ, అనంతపురం, రాయచూరు, బీహారు నుంచి వచ్చే వడ్రంగులకూ ప్లంబర్లకూ ఎలక్ట్రీషియన్లకూ పని చూపిస్తావనీ, నిలదొక్కుకోగలవాళ్ల చేత సొంతంగా దుకాణాలు పెట్టిస్తావనీ చెప్పింది. ఇదే బెంగళూరులో నలభై ఏళ్లు ప్లైవుడ్ అమ్మిన పెదనాన్న ఒకడున్నాడని గుర్తు రాలేదా నీకు? కోపంగానే ఫోను పెట్టేశాను. ఆ తరవాత రాత్రిదాకా ఇదే విషయం మూడుసార్లు చెప్పానట. 'ప్రతిసారీ మా తమ్ముడి కూతురు అని నొక్కి మరీ చెబుతున్నారు' అని మీ పెద్దమ్మ నవ్వింది.

కాగితాల పని నీకు నేర్పనక్కరలేదు. అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ జాబితాలో పేరు, ఎవరి పేరున వాళ్లకు బ్యాంకు ఖాతా. ఏడాదిలో 90 రోజులు కట్టడం పనిలో ఉన్నవాళ్లను నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో చేర్పించు. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యం నమోదు ఉచితం. డబ్బడిగే దళారిని గుమ్మం ఎక్కనివ్వకు. చేతివృత్తులవాళ్లకు పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగికీ తాపీ మేస్త్రీకీ చోటుంది, మొదటి విడత లక్ష రూపాయల దాకా అప్పు 5 శాతం వడ్డీకి వస్తుంది. ప్లంబరు, ఎలక్ట్రీషియన్ ఆ జాబితాలో లేరు. వాళ్లకు ఆశ పెట్టి తరవాత తల దించుకోకు.

ఎవరి అప్పుకూ హామీ సంతకం పెట్టకు. నీకు పెళ్లి కావలసి ఉంది. ఈ మాట రాస్తే నీకు కోపం వస్తుందని తెలుసు, అయినా రాశాను.

ఇక అసలు సంగతి. 1998లో కదిరి వైపు నుంచి ఒక వడ్రంగి కుర్రవాడు వచ్చేవాడు. మైసూరు రోడ్డు టింబర్ యార్డు దగ్గర అప్పటికి నాకు సొంత దుకాణం. వాడు చిత్రిక పడితే చెక్క మీద వేలు జారిపోయేది. కూలికి ఎందుకురా, నువ్వే పని ఒప్పుకో అన్నాను. దుకాణం వెనక రేకుల షెడ్డు ఇచ్చాను. కరెంటు చిత్రిక యంత్రం కొనిచ్చాను. జయనగరంలో ఒక ఇంటికి బీరువాలు, వంటగది పని నేనే కుదిర్చాను. కన్నడంలో నేనే మాట్లాడాను. ఎస్టిమేటు కూడా నేనే రాశాను. వాడు నా వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొత్తం 544 చదరపు అడుగులు. షీటు ఎనిమిది అడుగులు, నాలుగు అడుగులు, అంటే 32. భాగించి 17 షీట్లు అని రాసేశాను. అమ్మడం తెలిసినవాడి లెక్క అది, కోయడం తెలిసినవాడిది కాదు. ఏడడుగుల తలుపు కోస్తే పైన మిగిలే అడుగు ముక్క దేనికీ అతకదు. చెక్క గీతలన్నీ ఒకే వైపు రావాలంటే ఇంకొంత పోతుంది. కాగితం చేతికిస్తే చూసి 'అలాగే సార్' అన్నాడు.

ఆరు షీట్లు తగ్గాయి. ఇంటివాళ్లు ఒప్పుకున్న ధర మీద పైసా పెంచలేదు. వాడు తరవాతి పనికి తీసుకున్న అడ్వాన్సు ఇందులో పోశాడు, ఆపైన వచ్చినది దానిలో పోశాడు. నాకు చెప్పలేదు. ఒకరోజు తెల్లవారేసరికి షెడ్డు ఖాళీ. నేను బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లి, రచ్చబండ దగ్గర నలుగురిలో వాళ్ల నాన్నను నిలబెట్టి అడిగాను. కొడుకును దొంగ అన్నాను. ఆయన తలమీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని వింటూ నిలబడ్డాడు.

తిరిగొచ్చి షెడ్డు సర్దుతుంటే ఆ ఎస్టిమేటు దొరికింది. వెనకవైపు పెన్సిలుతో షీట్ల బొమ్మలు గీసి, ఏ ముక్క ఎక్కడ వస్తుందో గుర్తులు పెట్టి, కింద 23 అని రాసుకున్నాడు. వాడికి మొదటిరోజే తెలుసు. షెడ్డు ఇచ్చి, యంత్రం కొనిచ్చి, పని కుదిర్చిన పెద్దమనిషి లెక్క తప్పని ఏ నోటితో చెబుతాడు? ఆ కాగితం పట్టుకుని మళ్లీ కదిరి బస్సు ఎక్కాలనుకున్నాను. ఎక్కలేదు. తిరుపతిలో ఎవరి దగ్గరో కూలికి చేస్తున్నాడని తరవాత విన్నాను, అక్కడికీ వెళ్లలేదు.

నీ సంగతి వింటే నా భయమంతా ఇదే. నీకు నాలుగు భాషలు వచ్చు. ఏడేళ్ల వయసులో తమ్ముడికి కడుపునొప్పి వస్తే డాక్టరుకు నువ్వే అన్నీ చెప్పావు. నొప్పి ఎక్కడో చూపిద్దామని వాడు ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అప్పుడు అందరం మురిసిపోయాం. ఇప్పుడు మాత్రం ఇల్లు చూడటానికి పనివాడితో వెళ్లినప్పుడు నోరు కట్టుకో. 'ఎష్టు ఆగుత్తె' అని ఇంటివాళ్లు అడిగితే ఎంతవుతుందో వాడే చెప్పాలి. తడబడితే తడబడనీ. కన్నడంలో అంకెలూ కొలతలూ పది రోజుల్లో వస్తాయి, ముందు అవి నేర్పించు. ఎస్టిమేటు వాడి చేతే రాయించు, రాయడం రాకపోతే వాడు చెబుతుంటే రాయి. నీ లెక్క వేరుగా వేసుకో, రెండూ పక్కపక్కన పెట్టి తేడా ఎందుకొచ్చిందో నువ్వే వాణ్ణి అడుగు. నీ లెక్కే తప్పని నీ ముఖం మీద చెప్పేవాడు దొరికితే, ముందు వాడి చేత దుకాణం పెట్టించు.

కరెంటు పని తెలుసన్నవాణ్ణి ఆ మాట మీదే ఎక్కడికీ పంపకు. లైసెన్సు ఉన్నవాడి కింద కొన్నాళ్లు చేయించు.

తిండి వేళకు తింటున్నావో లేదో. ఆదివారం మీ పెద్దమ్మా నేనూ వస్తాం, గది చూడాలి. ఆ చిత్రిక యంత్రం ఇంకా నా దగ్గరే ఉంది. వెళ్లేముందు వాడు శుభ్రంగా తుడిచి, నూనె వేసి, తీగ చుట్టి పెట్టి వెళ్లాడు. ఇన్నేళ్లలో ఎవరికీ ఇవ్వలేకపోయాను. కార్బన్ బ్రష్‌లు మార్పించి తెస్తాను. ఎవరికిస్తావో నాకు చెప్పనక్కరలేదు.

మీ పెదనాన్న