పుస్తె మీద బొమ్మ, పోప్ రాయబారి

ప్రశ్న: మా చర్చి విచారణలో (పారిష్‌లో) ఒక పెద్దాయన, "పుస్తె కట్టొద్దని మూడు వందల ఏండ్ల కిందనే రోమ్ నుంచి అంతియోకు పాట్రియార్క్ వచ్చి ఉత్తర్వు ఇచ్చిపోయిండు" అంటడు. అంతియోకు ఎక్కడ, మన పుస్తె ఎక్కడ? ఇది నిజమేనా?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఉత్తర్వు నిజం, పుస్తె కట్టొద్దన్నది మాత్రం పొరపాటు.

ఆయన పేరు షార్ల్ తొమా మయ్యార్ ద టూర్నాన్. 1668లో ట్యూరిన్‌లో పుట్టాడు. 1701లో పోప్ 11వ క్లెమెంట్ ఆయన్ను ఇండియాకు, చైనాకు తన ప్రతినిధిగా నియమించి, స్వయంగా మేత్రాణులుగా (బిషప్పుగా) అభిషేకించాడు. అంతియోకు పాట్రియార్క్, అంటే ఆ పాత నగరపు పెద్ద మేత్రాణి, అన్నది బిరుదు మాత్రమే. అక్కడ ఆయన పాలించాల్సిన మేత్రాసనం (బిషప్పు ఏలే ప్రాంతం) లేదు. మామూలు గురువు వెళ్లి చెబితే దూరదేశపు బిషప్పులు వింటారా? అందుకే పేరుకు ఒక పాత పీఠం ఇచ్చి పంపుతారు. ఇవాళ ఢిల్లీలో ఉండే పోప్ రాయబారికీ ఇదే పద్ధతి.

1703 నవంబరు 6న పాండిచ్చేరిలో దిగాడు. ఆరోగ్యం బాగాలేక లోపలి ఊళ్లకు పోలేదు. ముఖ్యంగా ఇద్దరు జెసూట్ (యేసుసభ) గురువులను విచారించి, వాళ్ల సభ మతప్రచారం చేస్తున్న మధురై, మైసూరు, కర్నాటిక్ మిషన్లకు ఉత్తర్వు రాశాడు. వినాయకుడి బొమ్మ ఉన్న తాళి వద్దు, బదులుగా సిలువ, యేసు లేదా మరియమాత బొమ్మ ఉన్నది వేసుకోవచ్చు. 108 పోగుల పసుపుతాడు వద్దు. సమర్త వేడుక, పేడబూడిద బొట్టు కూడదు. జ్ఞానస్నానంలో ఉమ్మి తాకించడం ఇక్కడివాళ్లకు రోత అని గురువులు మానేశారు. దాన్ని మళ్లీ పెట్టమన్నాడు. అంటరానివారని దూరం పెట్టినవాళ్లలో ఎవరైనా జబ్బుపడితే గురువులు వాళ్ల ఇళ్లకే వెళ్లి దివ్యసంస్కారాలు ఇవ్వాలన్నాడు. మొత్తం ఉత్తర్వులో నాకు గట్టిగా కనిపించే మాట ఇదే.

చెడింది ఎక్కడంటే, ఉత్తర్వు మీద తేదీ 1704 జూన్ 23. జెసూట్ల చేతికి అందింది జులై 8న. ఆయన చైనాకు ఓడెక్కింది 11న. అభ్యంతరం చెప్పడానికి మూడు రోజులు! తగాదా నలభై ఏళ్లు సాగి, 1744లో పోప్ 14వ బెనెడిక్ట్ దగ్గర తేలింది. ఆయన చాలావరకు టూర్నాన్ మాటనే నిలబెట్టాడు.

చైనాలో ఇంకా ఇబ్బంది. 1705 డిసెంబరు 31న కాంగ్షీ చక్రవర్తి మర్యాదగానే దర్శనమిచ్చాడు. 1707లో నాన్‌జింగ్‌లో టూర్నాన్ పితృదేవతల ఆరాధన తప్పని ప్రకటించగానే, చక్రవర్తి ఆయన్ను మకావులోని పోర్చుగీసువారికి అప్పగించాడు. వాళ్లకూ కోపముంది: తూర్పు మిషన్ల మీద పెత్తనం తమ రాజుదేనని వాళ్ల వాదన, ఈయనేమో ఫ్రెంచి ఓడలో వచ్చాడు. అదే ఏడాది రోమ్ ఆయన్ను కార్డినల్ చేసింది. నిర్బంధం మాత్రం తొలగలేదు. 1710 జూన్ 8న మకావులోనే చనిపోయాడు.