యాసిడ్‌తో యురేనియం తీస్తానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మాది పులివెందుల దగ్గర పల్లె. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం. తుమ్మలపల్లె యురేనియం గని రాయి తెచ్చి, కాలేజీ ల్యాబ్‌లో యాసిడ్‌తో యురేనియం తీసే ప్రాజెక్టు చేస్తానంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. అసలు ఈ దారిలో ఉద్యోగాలు ఉన్నాయా?

జవాబు: అయ్యా, ముందుగా ఆ రాయి సంగతి. దాన్ని ఇంటికీ తేవద్దు, కాలేజీకీ తేవద్దు. అనుమతి లేకుండా యురేనియం ఖనిజాన్ని తెచ్చి శుద్ధి చేయడానికి చట్టం ఒప్పుకోదు. నూరేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే హాని కూడా. ఈ మాట అమ్మాయికి గట్టిగానే చెప్పండి. ఆసక్తిని మాత్రం చంపేయకండి, అది చాలా మంచి దారిలో ఉంది.

మీ వంటింట్లో కడప బండ ఉంటే, నిమ్మరసం పడ్డచోట తెల్లటి మచ్చ మిగలడం చూసే ఉంటారు. అది సున్నపురాయి కాబట్టి పులుపు తగిలితే కరుగుతుంది. తుమ్మలపల్లె ఖనిజమూ ఆ జాతిదే. యాసిడ్ పోస్తే బుసబుసా పొంగుతుంది, పోసిన యాసిడంతా రాయే తాగేస్తుంది. టన్ను రాయిలో అర కిలో కూడా ఉండని యురేనియం కోసం అంత యాసిడ్ ఎవరు పోస్తారు? అందుకే అక్కడ సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంతో, వేడిలో, ఒత్తిడిలో కరిగిస్తారు. జార్ఖండ్‌లోని జాదుగూడలో రాయి వేరు, అక్కడ సల్ఫ్యూరిక్ యాసిడే వాడతారు. ఏ రాయికి ఏ ద్రావణం, ఎంత ఖర్చు, మిగిలిన వ్యర్థాన్ని ఎక్కడ పెట్టాలి అని తేల్చేవాళ్లకే ఈ రంగంలో విలువ. మీలాంటి ఊళ్లవాళ్లకు ఆ చివరి ప్రశ్న ఎంత ముఖ్యమో నేను చెప్పనక్కర్లేదు. ఆ ఊళ్ల పిల్లే దాని మీద పనిచేస్తే నాకు సంతోషం.

ప్రాజెక్టుకు రాగి తీసుకోమనండి. రాగి ఆక్సైడును పల్చటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో వేస్తే ద్రావణం నీలంగా మారుతుంది. అందులో ఇనుప మేకు వేస్తే కాసేపటికి దాని మీద ఎర్రగా రాగి పూత పడుతుంది. వేడి ఎంత, సమయం ఎంత, ఎంత శాతం కరిగింది అని లెక్కకట్టి రాస్తే అదే లీచింగ్, అంటే లోహాన్ని ద్రావణంలోకి కరిగించి తీసే, ప్రాజెక్టు. కళ్లద్దాలు, గ్లౌజులు పెట్టుకుని, లెక్చరర్ ఎదుటే చేయాలి.

ఇక ఉద్యోగాలు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేయించండి, వీలైతే ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటు కోసం పెట్టే జామ్ ప్రవేశ పరీక్ష రాయమనండి. ఆ తర్వాత బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్‌కు ప్రయత్నించవచ్చు. ఎంపికైతే శిక్షణలో స్టైపెండ్ ఇస్తారు. పోటీ చాలా ఎక్కువ, అది ముందే తెలిసి ఉండాలి. బీఎస్సీతోనే ఆగాల్సి వస్తే అణుశక్తి సంస్థల్లో స్టైపెండరీ ట్రైనీ పోస్టుల ప్రకటనలు చూస్తుండండి. మొదటి శ్రేణి మార్కులు అడుగుతారు. హైదరాబాద్‌లోనే బేగంపేటలో అణు ఖనిజాల అన్వేషణ సంస్థ ఏఎండీ కేంద్ర కార్యాలయం ఉంది. అణు ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ కూడా హైదరాబాద్‌లోనే ఉంది.

ఒక్క యురేనియం మీదే ఆశ పెట్టుకోవద్దు. రాగి, జింకు, బంగారం, పాత లిథియం బ్యాటరీల నుంచి కోబాల్ట్ తీయడం, అన్నింట్లోనూ ఇదే విద్య. లెక్చరర్‌తో ఈ వారమే మాట్లాడమనండి, ల్యాబ్‌లో యాసిడ్ ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ పనిచేస్తోందో లేదో కూడా అడగమనండి.