అద్దె తగ్గుతుంది సరే, ఆ దూరం ఎవరి మీద పడుతుంది?

మీరు రాసిందంతా చదివానమ్మా. నాలుగేళ్ల బాబు, ఏడాదిన్నర పాప, సిటీ మధ్యలో చిన్న ఇల్లు, ఇద్దరి జీతాల్లో దాదాపు సగం అద్దెకే పోతోంది, నెలాఖరుకి క్రెడిట్ కార్డు వాడక తప్పట్లేదు. మీవారేమో శివార్లో ఇప్పటి అద్దెలో సగానికే పెద్ద ఇల్లు చూసొచ్చి వచ్చే నెలే మారిపోదాం అంటున్నారు, మీకేమో అమ్మగారిల్లు పది నిమిషాల దూరం, పాపని ఆవిడ దగ్గర వదిలి హాఫ్ డే జాబ్ చేసుకుంటున్నారు, అక్కడికెళ్తే ఆ జాబ్ కూడా పోతుందని భయం. వద్దంటే "నీకు డబ్బు కష్టం తెలీదు" అంటున్నారు, సరే అందామంటే ఏడుపొస్తోంది, నేను స్వార్థంగా ఆలోచిస్తున్నానా అని అడిగారు.

కాదమ్మా, అది స్వార్థం కాదు. అలాగని మీవారిది మొండితనం అని కూడా నేననను, ఎందుకంటే ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటితే కుటుంబం ఇబ్బందిలో పడినట్టే అని మామూలుగా లెక్క వేస్తారు, మీరు సగం దగ్గరున్నారు, పైగా కార్డు మీద వడ్డీ పెరుగుతోంది. ఇద్దరు చిన్నపిల్లల్ని పెట్టుకుని నెలనెలా అప్పులోకి జారుతున్నామని తెలిసిన మనిషికి రాత్రిళ్లు నిద్ర పట్టదు, ఆ భయమే "వెంటనే వెళ్లిపోదాం" అని బయటికొస్తోంది అనుకుంటున్నా. ఏదో ఒకటి మారాలి, అందులో ఆయన మాట నిజమే.

కానీ మీ ఇద్దరి మధ్యా మాటల్లోకి రానిది ఒకటుంది. అద్దెలో మిగిలేది ఇద్దరికీ మిగులుతుంది, దూరం భారం మాత్రం ఎక్కువగా మీ ఒక్కరి మీదే పడుతుంది. ఆయన పొద్దున్నే వెళ్లి రాత్రికి వస్తారు, మధ్యాహ్నం స్కూల్ నుంచి బాబుకి జ్వరం అని ఫోనొస్తే ఎవరు వెళ్లాలి, ఆయన వచ్చేలోపు స్నానాలు, అన్నాలు, నిద్రపుచ్చడం ఎవరు చెయ్యాలి, డేకేర్ మూసే టైమ్‌కి ఎవరు అక్కడుండాలి? ఎవరూ కూర్చుని నిర్ణయించరు, దగ్గర్లో ఉన్న మనిషి చేసేస్తుంది అంతే, అలా ఆర్నెల్లు గడిచేసరికి ఉద్యోగం మానేసింది కూడా ఆవిడే అయ్యుంటుంది. ఇది మీ ఇంట్లోనే జరిగేది కాదు. స్వీడన్‌లో ఉమెయో యూనివర్సిటీకి చెందిన ఎరికా సాండో 2011లో దీని మీద రీసెర్చ్ చేశారు, ఆఫీసుకి ఒకవైపే 45 నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువ ప్రయాణం చేసేవాళ్ల జంటలు విడిపోయే అవకాశం మిగతావాళ్ల కన్నా 40 శాతం ఎక్కువగా కనిపించింది, అందులోనూ మొదటి కొన్నేళ్లే గడ్డుకాలం. దూరం తిరిగేది ఎక్కువగా మగవాళ్లు, ఇంటికి దగ్గర్లో తక్కువ జీతం ఉద్యోగానికి సర్దుకుని పిల్లల్ని చూసుకునేది ఆడవాళ్లు అని కూడా అందులో తేలింది. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు, మీకు కలుగుతున్న భయానికి ఆధారం ఉందని తెలియాలని చెప్తున్నా.

ఆయన వైపు నుంచీ ఇదే మాట. బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్జర్ అని ఇద్దరు ఎకనామిస్టులు జర్మనీ కుటుంబాల సర్వే తీసుకుని 2004లో చూస్తే, ప్రయాణం పెరిగేకొద్దీ మనిషి సంతృప్తి తగ్గుతోంది, తక్కువ అద్దెగానీ ఎక్కువ జీతంగానీ ఆ లోటుని పూర్తిగా పూడ్చట్లేదు. పెద్ద ఇల్లు చూడగానే కలిగే సంతోషం త్వరగా అలవాటైపోతుంది, రోజూ ట్రాఫిక్‌లో కూర్చోవడం అంత సులువుగా అలవాటు కాదు.

కాబట్టి "వెళ్దామా వద్దా" అన్న గొడవ ఒక వారం పక్కన పెట్టండి. ముందు లెక్క కాగితం మీద రాయండి, ఇద్దరూ కలిసి. అద్దెలో తగ్గేది ఒకవైపు, ఆయన రాకపోకల ఖర్చు, రెండో బండి కావాల్సి వస్తే అది, పాపకి డేకేర్ ఫీజు, బాబు స్కూల్ మారిస్తే మళ్లీ అడ్మిషన్, ఇల్లు మారే ఖర్చు ఇంకోవైపు. మీ జీతం పోయే అవకాశం ఉంటే అది తప్పకుండా రాయాలి, చాలామంది ఇక్కడే "అది చిన్న జీతమే కదా" అని వదిలేస్తారు, అది ఈ నెల జీతం ఒక్కటే కాదమ్మా, పిల్లలు పెద్దయ్యాక మీరు మళ్లీ ఏ మెట్టు మీద నుంచి మొదలుపెడతారన్నది కూడా. ఇంటి ఖర్చు, ప్రయాణం ఖర్చు కలిపి ఆదాయంలో 45 శాతం లోపుంటే మోయగలిగేదే అని ఒక కొలమానం ఉంది, మీ రెండు ఇళ్లనీ అలా కలిపి చూడండి. ఆ ఇల్లు నిజంగానే చవకని తేలొచ్చు, తేలితే మీరూ ఒప్పుకోవాలి.

ఇద్దరూ ఒక సోమవారం సెలవు పెట్టి, ఆ కొత్త ఇంటి దగ్గర్నుంచి ఆయన ఆఫీసుకి ఆయన వెళ్లే టైమ్‌కే బయల్దేరి చూడండి, సాయంత్రం అదే టైమ్‌కి వెనక్కి రండి. ఆదివారం మధ్యాహ్నం ఖాళీ రోడ్డు మీద వెళ్లొచ్చి అరగంటే అనుకోవడం వల్ల చాలా ఇళ్లల్లో తర్వాత గొడవలయ్యాయి. మధ్యలో పగలు పదకొండింటికి ఆ వీధిలో నడవండి, పిల్లల డాక్టర్ ఎంత దూరం, చీకటి పడ్డాక రోడ్డు మీద లైట్లు ఉంటాయా, పిల్లల్ని తీసుకుని బయటికొచ్చే తల్లులు కనిపిస్తున్నారా చూడండి, కనిపిస్తే ఆగి మాట్లాడండి, ఏ బ్రోకరూ చెప్పని సంగతులు వాళ్లు చెప్తారు.

ఇంకో మాట, సిటీ మధ్య కాకపోతే ఊరి చివరే అన్నట్టు మీరిద్దరూ మాట్లాడుతున్నారు. ఆ మధ్యలో ఏమీ లేదా? ఇల్లు కొంచెం చిన్నదైనా, అద్దె మరీ సగం కాకపోయినా, అమ్మగారి దగ్గరికి నేరుగా వెళ్లే బస్సో రైలో ఉన్న చోటు వెతికారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు. ఎక్కడికి వెళ్లినా మొదటి ఏడాది అద్దెకే ఉండండి, అక్కడ చవగ్గా వస్తోందని లోన్ పెట్టి కొనెయ్యొద్దు, నచ్చకపోతే వెనక్కొచ్చే దారి ఉండాలి. ఆయన ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదన్నారు, మంచిది, ఈ లెక్కలయ్యేదాకా ఇవ్వొద్దని అడగండి.

మాట్లాడేటప్పుడు ఆయన అలిసిపోయి వచ్చిన రాత్రి కాకుండా పిల్లలు పడుకున్న సెలవురోజు మధ్యాహ్నం మొదలుపెట్టండి, అది కూడా అప్పు గురించి ఆయనకున్న భయాన్ని ముందు ఒప్పుకుంటూ. "అప్పు చూస్తే నాకూ భయంగానే ఉంది, మనం ఇలా కొనసాగలేం, నేనూ ఒప్పుకుంటున్నా. కానీ వెళ్తే రోజు ఎలా గడుస్తుందో ఇద్దరం గంట గంటకీ రాద్దాం" అనండి. రాసేటప్పుడు గట్టిగా అడగాల్సినవి అడగండి, వారంలో ఒకట్రెండు రోజులు ఇంటి నుంచి పని చేసుకోవడానికి ఆయన ఆఫీసులో అడుగుతారా, పిల్లలకి ఒంట్లో బాగోని రోజు సెలవు వంతులవారీగా పెడతారా, అద్దెలో మిగిలిన డబ్బులో డేకేర్‌కి, మీరు అమ్మగారి దగ్గరికి వెళ్లిరావడానికి ముందే కొంత తీసి పక్కన పెడతారా, ఏడాది తర్వాత మళ్లీ కూర్చుని ఉందామా మారదామా అని మీ మాట కూడా విని తేలుస్తారా. ఇవి మీరు ఆయన్ని బతిమాలుకునేవి కావు, ఆ ఇంటి అద్దె ఎంతో ఇవీ అంతే ముఖ్యం.

మిమ్మల్ని మీరు కూడా ఒకటి అడుక్కోండి. డేకేర్ దొరికి, జాబ్ నిలబడి, ఆయన సాయం గట్టిగా ఉంటే, అప్పుడు వెళ్లగలరా? అప్పుడూ మనసు ఒప్పుకోకపోతే మీ బాధ అమ్మని వదిలి వెళ్లడం గురించి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, కానీ ట్రాఫిక్‌నీ స్కూల్‌నీ అడ్డం పెట్టకుండా అదే ఆయనకి చెప్పండి. అసలు కారణం చెప్పకపోతే ఆయన ఒక్కో సమస్యకీ ఒక్కో పరిష్కారం తెస్తారు, మీరు ఇంకోటి వెతుకుతారు, చివరికి మీరు ఎలాగూ ఒప్పుకోరని ఆయన మాట్లాడటమే మానేస్తారు.

పిల్లల గురించి ఎక్కువ బెంగ వద్దు. బాబు కొన్ని వారాలు పక్క తడపొచ్చు, మీ కొంగు వదలకపోవచ్చు, మామూలే. వాడి బొమ్మలు ఆఖర్న సర్ది, అక్కడ ముందు విప్పండి, నిద్ర టైమ్ మార్చకండి, వీలైతే స్కూల్ ఏడాది అయ్యాకే మారండి. పాప వయసులో తల్లి కనపడకపోతే ఏడుపు ఎక్కువగా ఉంటుంది, అందుకని ఇల్లు మారడం, డేకేర్‌లో వేయడం ఒకే వారంలో పెట్టుకోవద్దు.

మాట్లాడాక మళ్లీ రాయండి, పిల్లలకి జ్వరమొచ్చిన రోజు ఎవరు ఇంట్లో ఉంటారంటే ఆయన ఏం చెప్పారో అది ముందు రాయండి.