అనంతగిరి మ్యాపులో ఎర్ర చుక్కలు: ట్రెక్ మానుకోవాలా?

ఆదివారం అనంతగిరి వెళ్దామనుకుంటే శాటిలైట్లు పసిగట్టిన మంటల్ని చూపే నాసా ఫర్మ్స్ మ్యాపులో రెండు ఎర్ర చుక్కలు కనిపించాయి, మానుకోవాలా అని అడిగారు. అప్పుడే టెన్షన్ పడకండి. శాటిలైట్ మీది వీర్స్ సెన్సర్ చూపే చుక్క అంటే సుమారు 375 మీటర్ల గడిలో ఎక్కడో వేడి తగిలిందని మాత్రమే. చేలో పత్తికట్టె తగలబెట్టినా చుక్క పడొచ్చు. చుక్క మీద నొక్కి టైమ్ చూడండి. అది యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటే, మన టైమ్ కోసం ఐదున్నర గంటలు కలపాలి (నేనూ మొదట్లో ఇక్కడే బోల్తా పడ్డాను).

పైగా ఎండలు ముదరకముందే అటవీ సిబ్బందే దారుల వెంట ఎండుటాకులు పోగేసి కాల్చి ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా ఆపే ఖాళీ పట్టీలు, వేస్తారు. పోయినసారి నేను చూసిన బూడిద చార బండిబాట పక్కనే, తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంది. అంచున సగం కాలిన టేకాకు. కార్చిచ్చు అలా గీత మీద నడవదు, వాలు దొరికితే పైకి ఎగబాకుతుంది.

శనివారం రాత్రి, ఆదివారం పొద్దున మళ్లీ చూడండి. చుక్కలు పెరుగుతూ కొండ వైపు జరుగుతుంటే మానేయండి. చుక్క లేనంత మాత్రాన మంట లేదనీ కాదు. చిన్న మంటలు, మబ్బు కింద మంటలు శాటిలైట్‌కు దొరక్కపోవచ్చు. అందుకే బయల్దేరే ముందు అక్కడి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోండి.